తిమ్మప్ప సాకిన చలిదేశపు చేప

తిమ్మప్ప దోహాకు వచ్చింది కారు నడపడానికి. మదీనత్ ఖలీఫాలోని ఆ విల్లాలో చివరికి చేపను సాకే పని కూడా అతని నెత్తినే పడింది. మడకశిర పక్క పల్లెవాడు, వానకు మొహంవాచిన నేల మనిషి. చేపంటే అతనికి సంతలో ఎండుచేపే.

ఇంటాయన పెద్దకొడుకు చలిదేశం నుంచి తెప్పించుకున్న చేప అది. పైక్ అంటారట. మంచుదేశాల చెరువుల్లో తిరిగేదాన్ని తెచ్చి ఈ ఎండల్లో అద్దాల తొట్టిలో పెట్టడం ఏం వేడుకో! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. దాని కోసం చుట్టాలను కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో ఏసీ రేయింబవళ్లు ఆడుతూనే ఉండేది.

ఆ చేపను చూస్తే తిమ్మప్పకు ఒళ్లు జలదరించేది. మూరెడు పొడుగు, పచ్చటి ఒంటినిండా లేత చుక్కలు, బాతుముక్కులాంటి మూతి. కదిలేది కాదు. తొట్టిలో చిన్నచేపను వదిలినా అటు చూసినట్టే ఉండేది కాదు. రెప్పవేసి తెరిచేసరికి చిన్నచేప మాయం. పెద్దది మళ్లీ తన చోటనే, ఏమీ ఎరగనట్టు. గొర్రెలు కాసే రోజుల్లో తిమ్మప్పకు ఒకసారి తోడేలు ఎదురుపడింది. అదీ ఇలాగే నిలబడి చూసింది. ఆనాటి భయమూ మోజూ మళ్లీ అతణ్ణి పట్టుకున్నాయి. డ్యూటీ అయ్యాక వచ్చి దాని ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

"ఏం తిమ్మప్పా, మొక్కుకుంటుండావా?" అని నవ్వేది వంటమనిషి, రాయచోటి రమీజా.

"ఇంత అందం దేవుడు ఎందుకు చేసినాడక్కా, నీళ్లలో దాచిపెట్టడానికా?" అనేవాడు.

జూన్‌లో ఇంటిల్లిపాదీ లండన్ పోయారు. పోతూ పోతూ పెద్దకొడుకు వచ్చీరాని హిందీలో చెప్పాడు: తొట్టి నీళ్లు మార్చేటప్పుడు నీలం కుళాయే తిప్పు, ఎర్రది వేన్నీళ్లది, వేడి తగిలితే చేప ఖలాస్. ఆ కొడుకు తాను నీళ్లు మార్చింది చలికాలంలోనే మరి.

తిమ్మప్ప మాట జవదాటే మనిషి కాడు. ఒక మధ్యాహ్నం సగం నీళ్లు తోడేసి, నీలం కుళాయికి పైపు తగిలించి వదిలాడు. తన గది కుళాయిలో నీళ్లు కాగుతున్నాయని అతనికి తెలుసు. కానీ అంత పెద్ద ఇంట్లో, అంత ఏసీలో, నీళ్లు కూడా చల్లగానే ఉంటాయనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

కాసేపటికి చేప పైకి తేలి నోరు తెరిచింది. ఒక పక్కకు ఒరిగింది. తెల్లటి కడుపు కనబడింది. తిమ్మప్ప నీళ్లలో చెయ్యి పెట్టి కెవ్వుమన్నాడు.

రమీజా పరుగున వచ్చింది. "అయ్యో! నీలం కుళాయిది మిద్దె మీద ట్యాంకు నీళ్లు కదా, ఎండకు మసులుతుంటాయి! ఎర్రది తిప్పు!"

"అది వేన్నీళ్లంట కదక్కా!"

"ఎండాకాలం గీజరు ఎవురేస్తారు? ఏసీ ఇంట్లో దాంట్లో నిలవుండే నీళ్లే సల్లన!"

ఒక గీజరు ఖాళీ అయితే ఇంకో బాత్రూముకు బకెట్లతో పరుగు. ఆ ఇంట్లో మనుషులకన్నా బాత్రూములే ఎక్కువ. కట్టినవాడికి ఆ రోజు దండం పెట్టాలనిపించింది. రమీజా వేడి నీళ్లు తోడేస్తూ, చల్లవి నిదానంగా పోస్తూ ఉంది. తిమ్మప్ప భుజాల దాకా చేతులు ముంచి చేపను పక్కకు ఒరగకుండా పట్టుకున్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఎప్పుడో పోయింది. ఇలాంటి ప్రాణి తన చేతిలో పోతే ఇక తాను దేన్నీ కన్నెత్తి చూడలేడు, అంతే. ఆ దౌడలు ఒకసారి ఆడాయి. ఆగాయి. మళ్లీ ఆడాయి. ఆ బరువు మెల్లగా బిగుసుకుంటోంది, లోపల ఎవరో లేచి కూర్చుంటున్నట్టు.

ఉన్నట్టుండి నీళ్లు బద్దలయ్యాయి. తిమ్మప్ప కుడిచెయ్యి పైకి తీశాడు. బొటనవేలి కింద వరసగా పళ్లగాట్లు, ముంజేతి దాకా రక్తం.

రమీజా పైటకొంగు చింపబోయింది. అతను చెయ్యి ఇవ్వడే! తొట్టికేసి చూస్తూ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

"కరిచిందక్కా! సూడు, ఎంత గట్టిగా కరిచిందో!"