రాజ్యం పిన్నిగారి విమానం

నిన్న సాయంత్రం మా నాలుగేళ్ల పాప మంచినీళ్ల సీసా కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, గౌను అంచును చేతికి చుట్టుకుని, ఆ గుడ్డతో పిడి పట్టుకుని తలుపు తీసింది. నేను పొయ్యి దగ్గర పప్పు మెదుపుతున్నాను. గరిటె చేతిలోనే ఆగిపోయింది. వేడి గిన్నె దింపేటప్పుడు నేను చెంగు చుట్టుకుంటాను. చల్లటి ఫ్రిజ్‌కి పిల్ల గుడ్డ ఎందుకు చుట్టుకోవాలి? "అలా ఎందుకు తీస్తున్నావమ్మా?" అంటే అది నా మొహం చూసి, గౌను వదిలేసి, "ఏం లేదు" అంది. వెనకనుంచి ఆరేళ్ల మా వాడు మెల్లిగా చెప్పాడు. "ఫ్రిజ్ కుడుతుందమ్మా. ఎప్పట్నించో కుడుతోంది. చెబితే నువ్వు అరుస్తావని చెప్పలేదు."

నేను ఇంట్లో రబ్బరు చెప్పులతో తిరుగుతాను. అందుకే నాకు షాక్ తగల్లేదు, తెలియలేదు. పిల్లలు ఉత్త కాళ్లతో, ఒక్కోసారి తడి కాళ్లతో, ఆ తలుపును రోజూ తీస్తున్నారు. వాళ్లిద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి, సొరుగులోంచి టెస్టర్ తీసి తలుపు అంచుకు ఆనించాను. దానిలోని బుల్లి దీపం నారింజరంగులో వెలిగింది. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేశాను. మా వారు ఆఫీసు నుంచి వచ్చి అంతా విని, "పొద్దున్న మనిషిని పిలుద్దాం. ఈలోగా కావాలంటే చెప్పులేసుకుని తీస్తే సరిపోతుంది కదా" అన్నారు. ఆ మాట వినగానే భయంలో కూడా నాకు నవ్వొచ్చింది. ఆ మాటనే ఒకప్పుడు ఇంకొకరు అన్నారు. దానికి సమాధానం చెప్పిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇవాళ పిల్లలు నిద్రపోయాక ఆవిడ గురించి రాయాలనిపించింది.

కొత్తపేటలో మా వీధి చివరి ఇల్లు రాజ్యం పిన్నిగారిది. ఇంటి వెనక కొబ్బరితోట. ఆవిడ భర్త, మేం బాబాయిగారని పిలిచేవాళ్లం, గల్ఫ్‌లో ఒక కంపెనీలో ఫోర్‌మన్. కొడుకులిద్దరూ విజయవాడ హాస్టల్లో చదువుకునేవారు. చెట్ల మీంచి కాయల దింపులు, వాటి బేరాలు, కూలీలు అన్నీ పిన్నిగారే చూసుకునేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. కొడుకుల కోసమని కొన్న కంప్యూటర్, వాళ్లు సెలవులకొచ్చినప్పుడు తప్ప, గుడ్డ కప్పుకుని ఉండేది. ఒక మధ్యాహ్నం ఆవిడ ఆ గుడ్డ తీసి, పిల్లలు వదిలేసి వెళ్లిన సీడీలన్నీ ఒక్కొక్కటే వేసి చూశారట. వాటిలో ఒకటి విమానం నడిపే ఆట. ఆ రోజు నుంచి ఆవిడకు దింపు లేని ప్రతి మధ్యాహ్నం ఆకాశంలోనే.

"మీ బాబాయిగారు పన్నెండేళ్ల నుంచి ఎక్కి దిగుతున్నారే విమానం. ఎయిర్‌పోర్టులో అద్దానికి ఇవతల నిలబడి చెయ్యూపడమే నా వంతు. ఆయనొచ్చేసరికి నేను నడపాలి, ఆయన పక్కన కూర్చోవాలి" అనేవారు. ఆవిడకున్న కోరిక అంతే. అయితే ఆటలో ఉన్నదంతా ఇంగ్లీషు. అది చదివి చెప్పడానికి, డిగ్రీ చదువుతున్న నన్ను పిలిచారు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. గ్యాస్ కట్టేశామా అని వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చి చూసుకునే రకం నేను. ఏదో వాసన వస్తోందని, ఏదో చప్పుడవుతోందని ఎప్పుడూ అంటూనే ఉండేదాన్ని. నా పేరు ఉమ అయినా, మా ఇంట్లో పిలిచేది మాత్రం "పిరికి" అనే. నవ్వుతారని చివరికి చెప్పడం మానేశాను. భయం మాత్రం పోలేదు.

వెళ్లిన మొదటి రోజే పిన్నిగారు కంప్యూటర్ ముందు రెండు జతల చెప్పులు పెట్టి, "ఒకటి వేసుకో అమ్మా, పెట్టె జివ్వుమంటాది" అన్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "ఎందుకు జివ్వుమంటుందండీ?" అన్నాను. "ఏమో. షాపతను అన్ని కంప్యూటర్లూ ఇంతేనండి, చెప్పులేసుకుంటే సరిపోద్ది అన్నాడు." నేను తల ఊపాను గానీ కుర్చీలో కూర్చోలేదు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వలేదు. "నీకు నమ్మకం కుదరట్లేదు కదా. నాకూ కుదరట్లేదు, ఊరికే చెప్పులేసుకుని ఊరుకున్నాను. ఇవాళ ఆడొద్దులే" అని గుడ్డ కప్పేశారు. రెండు రోజులు తిరక్కుండానే మనిషిని పిలిపించి చూపిస్తే, గోడకున్న మూడు కన్నాల ప్లగ్గులో పై కన్నానికి అసలు వైరే లేదని తేలింది. పెరట్లో గొయ్యి తవ్వించి, గొట్టం పాతించి, ఉప్పూ బొగ్గూ పోయించి, అక్కడినుంచి ఇంట్లోకి ఎర్త్ వైరు లాగించారు. తరువాత నన్ను పిలిచి, ముందు తనే ఉత్త కాళ్లతో నిలబడి పెట్టె మీద అరచెయ్యి ఆనించి, "ఇప్పుడు రా" అన్నారు. నా భయం వల్ల ఒక ఇంట్లో ఒక పని జరగడం నేను చూడటం అదే మొదలు.

ఆట మొదలయ్యాక అసలు కష్టం తెలిసింది. విమానం లేచాక బొమ్మ ఆగి ఆగి వచ్చేది. గ్రాఫిక్స్ కార్డు అని ఒకటుంటుందనీ, మంచిది వేస్తే బొమ్మ నీళ్లలా సాగుతుందనీ ఒక ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలో నేనే చదివి చెప్పాను. పిన్నిగారు ఫోన్లో అడిగితే, బాబాయిగారు సెలవుకొస్తున్న స్నేహితుడి చేత దాన్ని పంపించారు, లుంగీలో చుట్టి. ఎర్రటి పలక, దాని మీద దానికే సొంతంగా ఒక ఫ్యాను. పైగా దానికి కంప్యూటర్ లోపలి బోర్డు ఇచ్చే కరెంటు చాలదు, విడిగా ఇంకో వైరు తగిలించాలి. పిన్నిగారు ఆ వైరు చూసి, "కొత్తల్లుడల్లే ఉన్నాడే, వేరే విస్తరి కావాలంటున్నాడు" అన్నారు.

విస్తరి వేశాం గానీ వడ్డించడానికి వంటింట్లో ఏమీ లేకపోయింది. విమానం పరుగు మొదలుపెట్టి, సరిగ్గా నేల విడిచే సమయానికి కంప్యూటర్ ఠక్కున ఆరిపోయేది. పని పెరిగి కార్డు ఎక్కువ కరెంటు లాగగానే, పెట్టెలో కరెంటు పంచే పవర్ సప్లై తట్టుకోలేకపోతోందని పత్రిక చూసి పోల్చుకున్నాం. కొత్తది కొనడానికి ఇద్దరం కాకినాడ బస్సెక్కాం. షాపులో పిన్నిగారు ఒక్కొక్క డబ్బా విప్పించి, పవర్ సప్లైని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడటం మొదలుపెట్టారు.

షాపతను ఓపిక పట్టాడు. "వాట్లు చూసుకోవాలండి. బరువు కాదండి."

"వాట్లు ఎవడైనా రాస్తాడండి. బరువు రాయలేడు కదా" అన్నారు పిన్నిగారు. ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. "చూడు, లోపల నీళ్లింకిపోయిన కాయ." ఇంకోటి పెట్టారు. చెయ్యి కిందికి దిగింది. "ఇదీ కాయంటే."

షాపతను నవ్వి, "ఆయ్, నిజమేనండి. మంచివాటిలో రాగీ, ఇనుమూ ఎక్కువుంటాయండి. మీరు కంప్యూటర్ల లైనేనాండి?" అని అడిగాడు.

"కాదండి. కొబ్బరికాయల లైను."

ఆ బరువైనదాన్ని బస్సులో చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాం. విమానం లేచింది, ఆరిపోలేదు. పిన్నిగారు ఊపిరి బిగబట్టి, ఊళ్లూ కాలవలూ కిందికి జారిపోతుంటే చూసి, "ఉమా, మన తోట ఎటుంటాదంటావ్" అని అడిగారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వోల్టేజి పడిపోయి మానిటర్లో బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోయేది. అందుకని మా ప్రయాణాలన్నీ మధ్యాహ్నాలే.

మేఘాల్లోకి వెళ్తే మాత్రం బొమ్మ ఇంకా తడబడేది. కార్డును, తయారుచేసినవాళ్లు పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పనిచేయించవచ్చనీ, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారనీ, ఎక్కువైతే కాలిపోవచ్చనీ చదివి చెప్పాను. చివరి మాట నేను గట్టిగా చదివాను. ఆవిడ ముందు మాటలు కూడా విన్నారు. "నీళ్లూ ఎరువూ సరిగ్గా చూసుకుంటే చెట్టు ఇంకో గెల వేస్తాదేమో చూడ్డమన్నమాట. చూద్దాం. కానీ ఒక ఒప్పందం. నేను బొమ్మ చూస్తాను, నువ్వు పెట్టె చూడు. వేడి, వాసన, చప్పుడు, ఏది తేడాగా అనిపించినా ఆపండి అను. ఎందుకని అడగను, ఆపేస్తాను."

"నాది ఉత్త అనుమానమైతేనోనండి?"

"మళ్లీ వేసుకుంటాం. దానికేమన్నా ముహూర్తముందా ఏంటి."

పెట్టె పక్క తలుపు తీసేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాం. తెర మీద వేగం చూపే గీతను రోజుకు కాస్త కాస్తగా జరిపేవాళ్లం. జరిపిన ప్రతిసారీ చాలాసేపు ఎగిరి చూసి, ఏమీ కాకపోతేనే మరుసటి రోజు ఇంకాస్త. ఎన్నిసార్లు "ఆపండి" అన్నానో నాకే గుర్తు లేదు. ఒకసారి ఫ్యాను రెక్కకు కాగితం తగిలిన చప్పుడు. ఒకసారి వంటింట్లో పోపు మాడిన వాసన. ఆవిడ ప్రతిసారీ చేతిలో ఉన్న విమానాన్ని గాల్లోనే వదిలేసి ఆపేశారు. తరువాత ఇద్దరం కారణం వెతికేవాళ్లం. వెతకడమే ఆవిడకు సగం ఆట. ఒక రోజు నీలాకాశం మీద తెల్లటి చుక్కలు మెరవడం నేనే ముందు చూశాను. వేగం హద్దు దాటితే అలా వస్తాయని చదివి ఉన్నాను. "ఆపండి" అన్నాను. ఆవిడ ఆపి, పకపకా నవ్వారు. "పట్టపగలే చుక్కలు చూపించేసిందే. బాగా చూసేవ్. ఒక మెట్టు దిగుదాం." దిగాం. అక్కడితో కార్డు కుదురుకుంది. మేఘాల్లోంచి విమానం వెన్నలో కత్తిలా వెళ్లింది. మేమిద్దరం లేచి నిలబడి చప్పట్లు కొట్టుకున్నాం.

బాబాయిగారు సెలవుకు వచ్చారు. తిరిగి వెళ్లే ముందురోజు మధ్యాహ్నం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పిన్నిగారు విమానం లేపారు. వీధిలో సగం మంది గదిలో ఉన్నారు, మిగతా సగం కిటికీలో ఉన్నారు. మా అమ్మ కూడా వచ్చింది. నా చోటు పెట్టె పక్కన, నేల మీద. విమానం చక్కగా మేఘాలు దాటి, కిందికి దిగుతోంది. రన్‌వే దీపాలు కనిపిస్తున్నాయి. అప్పుడు నా ముక్కుకు వేడి ప్లాస్టిక్ వాసన తగిలింది. అందరూ తెర వైపు చూస్తున్నారు. ఇంతమందిలో ఎలా అనడమని ఒక్క క్షణం వెనకాడాను. తరువాత, "ఆపండి" అన్నాను.

పిన్నిగారు నా వైపు చూడను కూడా చూడలేదు. చెయ్యి చాచి స్విచ్ ఆపేశారు. తెర నల్లబడింది. గది మొత్తం ఉసూరుమంది. "అదేంటే, దిగిపోతున్నాం కదా" అన్నారు బాబాయిగారు. పిన్నిగారు వంగి కార్డు, వైర్లు, ప్లగ్గు అన్నీ చూశారు. ఏమీ లేదు. చివరికి దొరికిందేమిటంటే, పక్క గదిలో పగలే ఎవరో దోమల బిళ్ల మిషను పెట్టి, దాని మీదికి ప్లాస్టిక్ సంచీ జారనిచ్చారు. అందరూ గొల్లుమన్నారు. "మా పిరికి ఉంటే విమానం దిగినట్టే" అంది మా అమ్మ. నాకు నేలలోకి కూరుకుపోవాలనిపించింది.

"నవ్వకండి అక్కగారూ" అన్నారు పిన్నిగారు. ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆ పిల్ల చెప్పబట్టే ఈ కార్డు ఇన్నాళ్లు బతికింది. ఇవాళ విమానంలో ఏం లేదు, సరే. దానికి మనం నవ్వేమనుకోండి, రేపు నిజంగా ఉన్నప్పుడు చెప్పదు. అప్పుడు నవ్వడానికి ఇల్లుండదు." తరువాత బాబాయిగారి వైపు తిరిగి, "మీకు విమానం రేపు కదా. ఇవాళంతా నాదే. కూర్చోండి, మళ్లీ లేపుతాను" అన్నారు.

ఒక్కరు కూడా కదల్లేదు. మళ్లీ మొదటినుంచి పరుగు, మళ్లీ మేఘాలు, మళ్లీ ఆ దీపాల వరస. ఈసారి నేను పెట్టె మీంచి కళ్లు తీసి ఒక్కసారి పిన్నిగారి మొహం చూశాను. పెదవి కొరుక్కుంటూ, చిన్నపిల్లలా ముందుకు వంగి ఉన్నారు. చక్రాలు నేలకు తగిలి, ఎగిరిపడి, మళ్లీ తగిలి, విమానం అటూ ఇటూ ఊగి ఆగింది. కిటికీలోంచి ఈలలు. బాబాయిగారు ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, "నేనెక్కే విమానం వాళ్లూ ఇలాగే ఎగరేసి దింపుతారు, ఏం ఫరవాలేదు" అన్నారు. తరువాత, "బావుంది రాజ్యం" అన్నారు.

పిన్నిగారు ఇప్పుడూ కొత్తపేటలోనే ఉన్నారు. కనిపిస్తే కొత్త కార్డు కబుర్లే చెబుతారు. నేను పెళ్లయి రామచంద్రపురం వచ్చాను. నిన్న ఫ్రిజ్ ప్లగ్గు పీకాక ఆవిడకు ఫోన్ చేద్దామనుకుని, ఏం చెయ్యాలో నాకు తెలుసునని గ్రహించి ఊరుకున్నాను. ఇవాళ పొద్దున్నే వచ్చిన ఎలక్ట్రీషియన్, గోడ ప్లగ్గు విప్పి, తుప్పు పట్టి ఊడిపోయిన ఎర్త్ వైరు చూపించాడు. ఫ్రిజ్ లోపల నలిగిన ఇంకో వైరు కూడా మార్చాడు. ఆ పని సులువుగానే అయింది. నన్ను రాత్రంతా నిద్రపోనివ్వనిది అది కాదు, మా పాప గౌను వదిలేసి "ఏం లేదు" అనడం. నా భయం నాతో ఉంటుంది, అది ఎక్కడికీ పోదు. పిన్నిగారు దానికి ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేను నా పిల్లలకు ఆ కుర్చీ వెయ్యకుండా, కేకలే వేశాను.

అందుకని బడికి పంపే ముందు ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "ఏదైనా కుట్టినా, కాలినా, వాసనొచ్చినా, మీకు ఎందుకో బాగోలేదనిపించినా, ముందు వచ్చి నాకు చెప్పండి. నేను అరవను. మీతో వచ్చి చూస్తాను" అన్నాను.

"ఊరికే అనిపిస్తేనో?" అన్నాడు మా వాడు.

"ఊరికే అనిపించినా చెప్పు."

పాప నవ్వు ఆపుకుంటూ, "అమ్మా, మంచం కుడుతోంది" అంది. మా వాడు కిసుక్కుమన్నాడు. బస్సుకు ఆలస్యమవుతోంది. నేను లేచి, దుప్పటి తీసి, పరుపు ఎత్తి, మంచం కిందికి వంగి ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చూసి వచ్చాను. "ఇవాళ ఏమీ లేదు. మళ్లీ కుడితే మళ్లీ చెప్పు" అన్నాను.