నేను పెళ్లికూతురినైన కరువు ఏడాది

ఆ రోజుల్లో, అంటే తాతల కాలం కాదు, మొన్నమొన్నటి మాటే, మైకు పెడితే మనుషులు మనసులో మాట చెబుతారని నేను గట్టిగా నమ్మేవాణ్ని. అనంతపురంలో ఒక చిన్న కేబుల్ చానల్లో కొత్తగా చేరాను. ఏ విషయం మీదైనా జనం ఏమంటున్నారో వీడియో తీసుకురావడం నా పని. (జీతం సంగతి జనం ఏమంటున్నారని మా యజమానిని ఎవరూ అడగలేదు గనుక నేనూ అడగలేదు.) అప్పుడు ఢిల్లీ పెద్ద కోర్టులో మగవాళ్లు మగవాళ్లనీ, ఆడవాళ్లు ఆడవాళ్లనీ పెళ్లి చేసుకోవచ్చా అన్న కేసు నడుస్తోంది. టీవీల్లో అందరూ గొంతులు చించుకుంటున్నారు. మా యజమాని "పోప్పా, పల్లెల్లో ఏమనుకుంటాండారో పట్టుకోని రా" అన్నాడు. ఏ పల్లెకు పోవాలా అని నేను ఆలోచిస్తుంటే, మా అక్క "మనూరికే పో" అంది.

అక్క అంటే మా పెదనాయన కూతురు. అనంతపురంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. లెక్కల టీచరు ఒకామెతో కలిసి ఒకే ఇంట్లో ఉంటుంది. టీచరమ్మది తాడిపత్రి, వాళ్ల నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఊళ్లో అందరికీ ఆమె 'రూమ్మేటు'. నిజం నాకొక్కడికే తెలుసు. ఇక్కడ ఇట్లా ఉండగా అక్కడ పెదనాయన కణేకల్ నుంచి ఒక సంబంధం మాట్లాడుకొచ్చాడు. వచ్చే ఆదివారం పెళ్లిచూపులు. అబ్బాయి ఎట్లా ఉంటాడని పెద్దమ్మ అడిగితే పెదనాయన "కాలువ కింద నేలే, ఏడాదికి రెండు కార్లు పంట పండుతాది" అన్నాడట. వాన కోసం తలెత్తి చూసి చూసి మెడలు పట్టేసిన మా ఊళ్లో అంతకన్నా అందగాడు ఉండడు.

"ఊర్లో అందర్నీ అడుగు. నాకు మాత్రం నాయన ఏమంటాడో కావల్ల" అంది అక్క.

"నువ్వే అడగొచ్చు కదక్కా?"

"నేనడిగితే కూతురికి చెప్పే జవాబు చెప్తాడు. నువ్వడిగితే ఊరికి చెప్పే జవాబు చెప్తాడు. అదేందో తెలిస్తే నాకు ధైర్యమన్నా వస్తాది, ఆశన్నా పోతాది."

టీచరమ్మ నా ముందు కాఫీ పెట్టింది. అందులో చక్కెర వేయడం మాత్రం మర్చిపోయింది. నేను తాగేశాను.

మా ఊళ్లో అభిప్రాయాలన్నీ పొద్దున్నే బస్సు ఆగే చోటున్న హోటల్లో దొరుకుతాయి, ఉగ్గాని బజ్జీతో పాటు. మొదట హోటలాయన ముందు మైకు పెట్టాను. ఆయన పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ ఉగ్గానికి బొరుగులు కలుపుతున్నాడు. "ఇద్దురూ మొగోల్లే అయితే ఇంట్లో వంట ఎవురు చేస్తారప్పా?" అన్నాడు. (ఊరు మొత్తానికి ఇరవై ఏళ్లుగా వండిపెడుతున్నది ఆయనే. ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు, గుర్తు చేయడానికి నాకు నోరు రాలేదు, అప్పు రాయించి తింటున్నాను గనుక.) రెండు ఊళ్లలో రెండు సంసారాలు నడుపుతున్న పెద్దమనిషి ఒకాయన కండువా సర్దుకుని, "పెండ్లంటే ఒక పద్ధతుండల్ల. ఎవురికి తోచినట్ల వాళ్లు చేసుకుంటే ఎట్ల?" అన్నాడు. సర్పంచమ్మ మొగుడు కెమెరా చూడగానే లేచి నిలబడి, తమ పార్టీ అభిప్రాయం పైనుంచి ఇంకా రాలేదనీ, రాగానే అదే తన సొంత అభిప్రాయమనీ చెప్పాడు. డిగ్రీ చదివే కుర్రవాడొకడు మాత్రం అది వాళ్ల హక్కు అని ధాటిగా మాట్లాడాడు. నా గుండె పొంగింది. అయిపోయాక వాడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, నా మొగం కనపడకుండా చెయ్యన్నా, నాకు సంబంధాలు చూస్తాండారు" అన్నాడు.

పెదనాయన బెంచీ చివర కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన దగ్గరికి పోయి మైకు ముందుకు పెట్టాను. ప్రశ్న అడిగాను. ఆయన నా వైపు కాదు, రోడ్డు వైపు చూసి అన్నాడు.

"ఏం కాలమొచ్చెరా! మొగోనికి మొగోన్నిచ్చి పెండ్లి చేసిన ఊరు ఈ సీమలో యాడన్నా ఉండాదా? మా నాయన కాలంలో ఇన్న్యామా, మా తాత కాలంలో ఇన్న్యామా?"

అందరూ తలలూపారు. అక్కకు ఏం చెప్పాలా అని నేను కెమెరా కిందికి దించబోయాను. అంతలో హోటల్ వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"ఉండాది లేరా. ఈ ఊరే."

మా జేజి. పెదనాయనకు కన్నతల్లి, నాకు నాయనమ్మ. బజ్జీల కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. "చేసింది ఎవురు? నువ్వే కదరా! పెండ్లికూతురు ఇదో, మైకు పట్టుకోని నిలబడుకోనుండాడు" అని నన్ను చూపించింది.

కొత్తవాళ్లకు విషయం చెప్పాలి. నాకు పదేళ్లప్పుడు మా దగ్గర ఘోరమైన కరువు. వానలు పడకపోతే కప్పలకు పెళ్లి చేస్తారు, గాడిదలకు చేస్తారు. ఆ ఏడు కప్పలు కూడా దొరకలేదు. అప్పుడు ఇద్దరు మగపిల్లలకు పెళ్లి చేస్తే వానదేవుడు కరుగుతాడని ఊరు తీర్మానించింది. తిరుపతి మొక్కు తీరక నా జుట్టు భుజాల దాకా పెరిగి ఉండడంతో నేను పెళ్లికూతురినయ్యాను. పెళ్లికొడుకు బండోడు, టైలరు కొడుకు. నా గోలీలన్నీ కొట్టేసిన నా ఆగర్భ శత్రువు. నాకు పెద్దమ్మ చీర చుట్టారు, బాసికం కట్టారు. పెదనాయన పీటల మీద కూర్చుని బండోడి కాళ్లు కడిగి కన్యాదానం చేశాడు. పసుపు కొమ్ము కట్టేటప్పుడు వాడు నా మెడ మీద గిల్లాడు. ఊరేగింపులో నేను వాడి చెయ్యి కొరికాను. "అప్పుడే కాపురం మొదలైనాదప్పా" అని ఊరంతా పడీపడీ నవ్వింది. అడ్డు చెప్పినవాడు ఒక్కడూ లేడు.

"బిందెడు నీళ్లు పోసి కాళ్లు కడిగినాడు, అట్లాటి కరువులో" అంది జేజి, ఇప్పటికీ ఆ నీళ్లకే బాధపడుతూ.

అంతే, కోర్టు కేసు ఎగిరిపోయింది. పెళ్లి తర్వాత వాన పడిందా లేదా అన్న దాని మీద హోటల్ రెండుగా చీలింది. పడింది, వంకలో నీళ్లు కూడా పారాయని సగం మంది. దుమ్ము అణిగేంత కూడా పడలేదు, పెండ్లికూతురు ఏడ్చిన కన్నీళ్లే ఎక్కువని మిగతా సగం. రెండు సంసారాల పెద్దమనిషి నా మైకు లాక్కుని సాక్ష్యం చెప్పాడు. పెదనాయన ఒక్కడే గట్టిగా "అది వాన కోసం చేసింది, అది వేరే" అన్నాడు.

"వాన కోసమైతే దేవుడు ఒప్పుకుంటాడు, మనుషుల కోసమైతే ఒప్పుకోడా? నువ్వు పోయి అడిగొచ్చినావా?" అని జేజి గిన్నె నింపించుకుని వెళ్లిపోయింది.

పెదనాయన బీడీ పారేసి లేచాడు. నన్ను రమ్మని సైగ చేశాడు. చేను గట్టు దాకా ఇద్దరం నడిచాం. వేరుశెనగ చెట్లు చిన్నచిన్నగా పచ్చబడి, వాన కోసం ఎదురుచూస్తున్నాయి. "ఆ కెమెరా ఆపినావా?" అన్నాడు. ఆపానని చూపించాను. వంగి ఒక కలుపు మొక్క పీకి పారేశాడు.

"నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రికి రోజూ సంగటి తెచ్చింది ఆ టీచరు పిల్లేనా?"

అవునని తలూపాను.

"అంతా గడ్డలు గడ్డలు. గెలకనే రాదు ఆ పిల్లకు." ఇంకో కలుపు మొక్క పీకాడు. "అయినా ఒక్క పూటా తప్పలేదు. నేను తిని చెయ్యి కడుక్కునేదాకా మీ యక్క ఆ పిల్ల మొగమే చూస్తా కూర్చునేది. నాకు కండ్లు లేవనుకున్న్యారేమో ఇద్దురూ."

ఆయన పడమటి వైపు, కణేకల్ ఉన్న దిక్కుకు తిరిగాడు. "వాళ్లకు ఫోన్ చేసి ఆదివారం రావద్దని చెప్తా. కాలువ కింద నేలప్పా..." అన్నాడు. ఎండిన నేల దున్నుకునే మనిషి పారే నీళ్లను వదులుకోవడం నేను కళ్లారా చూసింది అప్పుడే. నాకు ఏడుపొచ్చింది. "పెండ్లీ గిండ్లీ నాకు తెల్దు, కోర్టోళ్లు చూసుకుంటారు. శెనక్కాయ పెరికేటప్పుడు మాత్రం ఆ పిల్లను పిల్చుకోని రమ్మను. సంగటి గెలికేది మీ పెద్దమ్మ నేర్పిస్తాది."

నేను తెచ్చిన అభిప్రాయాలన్నిటినీ మా యజమాని చూశాడు. హోటలాయన్నీ, పార్టీనీ, కుర్రవాడి హక్కునూ అన్నీ కోసేసి, 'వాన కోసం పెళ్లికూతురైన మన విలేఖరి' అని జేజి మాటలొక్కటే మూడురోజులు వేశాడు. అనంతపురంలో ఆటోవాళ్లు కూడా నన్ను "ఏం పెండ్లికూతురా, యాడికి?" అని అడిగేవాళ్లు. లోకాన్ని మార్చేస్తానని మైకు పట్టుకున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.

ఢిల్లీ కోర్టు చివరికి అది తమ చేతిలో లేదంది. అక్కా టీచరమ్మా మాత్రం ఏటా శెనక్కాయ పెరికేందుకు వస్తారు. టీచరమ్మ సంగటిలో గడ్డలు తగ్గాయి గాని పోలేదు. పెదనాయన వాటిని వేళ్లతో నలుపుకుని తింటాడు, పైకి ఒక్క మాట అనడు.

మొన్న తాడిపత్రిలో బండోడు కనిపించాడు. లారీ నడుపుతున్నాడు, ఇద్దరు పిల్లలు. నడిబజారులో "ఏమే!" అని నన్ను పిలిచి టీ తాగించాడు. నేను గోలీలు అడిగాను, వాడు చేతి మీద నా పంటిగాటు చూపించాడు. నవ్వుకుంటూ బస్సెక్కి కూర్చున్నాక ఎందుకో ఆ పీటలు, బాసికాలు, బిందెడు నీళ్లు గుర్తొచ్చాయి. ఒకరి మొహం ఒకరు చూడలేని మా ఇద్దరికీ ఊరు ఊరంతా దగ్గరుండి అక్షింతలు వేసింది. చేను గట్టు మీద కూర్చుని ఒకే గిన్నెలో అన్నం తినే అక్కా టీచరమ్మల మీద ఇంతవరకూ ఒక్క గింజ పడలేదు.