ఐసీయూల విమలమ్మ

మాది ఆలూరు. పేరు ధనరాజ్. గచ్చిబౌలిల ఐటీ కంపెనీలకు క్యాబ్ నడిపేటోణ్ని. కరోనాకు ఆఫీసులు మూతపడంగ, చేవెళ్ల మార్కెట్ నుంచి సిటీకి కూరగాయల బండి తోలిన. 2021 ఏప్రిల్‌ల నాకూ అంటింది. ఆక్సిజన్ డెబ్బై ఎనిమిదికి పడితే, మొయినాబాద్ దిక్కున్న ఒక దవాఖానల ఐసీయూల చేర్చిన్రు.

డాక్టరమ్మ అరుణశ్రీ ముఖానికి బిగుతు మాస్క్ పెట్టించి, "బోర్ల పండుకోవాలె. లేకుంటె గొంతుల గొట్టం వెయ్యాల్సి వస్తది" అన్నది.

పావుగంట ఓర్సలేకపోయిన. మాస్క్‌ల గాలి కొడుతుంటె నీళ్లల్ల ముంచినట్టయింది. గుంజి పారేసిన.

అప్పుడొచ్చింది విమలమ్మ, ఐసీయూ ఆయా. నెత్తి నుంచి కాళ్లదాంక తెల్ల పీపీఈ కిట్టు, ముఖం కానరాదు. మాస్క్ మళ్ల పెట్టి, ఛాతి కింద దిండు జరిపింది.

"ఏ ఊరు బిడ్డా?"

కష్టంగ చెప్పిన.

"ఆలూరా! మీ ఊళ్లె క్యారెట్ పీకనీకి పదేండ్లు వచ్చిన. ట్రాక్టర్ల పాటలు పాడుకుంట వచ్చేటోళ్లం. వాగుల కడుగుతుంటె నీళ్లన్నీ ఎర్రగయ్యేటియి. ఆకలైతె గవే కొరుకుడు."

విన్నంతసేపు మాస్క్ యాదికి రాలె. మా అవ్వ, ఆ చేన్లు, తడి మన్ను వాసన కండ్ల ముందలికొచ్చినయ్.

ఐటీ వచ్చినంక ఆ చేన్లు ప్లాట్లయినయ్. కూలి దొరకక విమలమ్మ ఈ పనికొచ్చిందట. కరోనా రాంగనే సగం మంది ఆయాలు మానేసిన్రు. కొడుకు పరమేష్ వద్దంటె, "సగం చేను పీకి ఇడిసిపెట్టి పోతమారా?" అన్నదట.

మూడో దినం పక్క మంచం పెద్దమనిషి పోయిండు.

"అవ్వా, నేను బతుకుతనా?"

"నాకేం తెలుసు బిడ్డా. ఈ పూటకైతె పండుకో. నేనీడనే ఉన్న."

అబద్ధం చెప్పలె. అందుకే నమ్మిన.

పదకొండో దినం ఆక్సిజన్ తొంభై నాలుగుకొచ్చింది. గొట్టం అక్కర రాలె. వార్డుకు మార్చిన్రు. ఆనాడు విమలమ్మ డ్యూటీల లేదు. తర్వాత వార్డు నుంచి అటే, ఆమెకు చెప్పకుండనే ఇంటికి పోవాల్సొచ్చింది.

ఆరు నెలలకు జామపండ్లు పట్టుకొని పోయిన. దవాఖాన గేటుకాడ ఒక సన్నటి ముసలామె చాయ్ తాగుతున్నది. ముఖం ఎన్నడు చూడలె గని, మాట విని విమలమ్మనే అని గుర్తుపట్టిన.

"అవ్వా, నేను ఆలూరు ధనరాజ్."

ఎగాదిగ చూసింది. "ఏమనుకోకు బిడ్డా, ముఖాలు యాదికి లేవు. అందరు బోర్లనే ఉంటిరి."

ఇద్దరం నవ్వినం. బెంచీ మీద జరిగి జాగిచ్చి, ఇంకో చాయ్ చెప్పింది. గంటసేపు కూసున్నం.

ఇప్పటికీ ఆ తొవ్వల పోతె ఆ బెంచీకాడ బండి ఆపుత.