బ్రహ్మాండమైన భుజం

ఎలా ఉన్నావని ఎవరడిగినా మా మామయ్య నోట ఒకటే మాట: "బ్రహ్మాండం!" చలిజ్వరంతో మంచం ఊగిపోతున్నా బ్రహ్మాండమే. పన్ను పీకించుకుని, నోట్లో దూది కుక్కుకుని వచ్చిన రోజున కూడా "బ్యమ్మాండం" అన్నాడు.

ఆయన గోడౌన్లో సరుకు సర్దేవాడు. ఒకరోజు సరుకు పైకెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి గొలుసు తెగి, దాని మీది పెట్టెలు జారి ఆయన కుడి భుజం మీద పడ్డాయి. అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే కూడా అదే మాట! కోలుకుని పనిలో చేరేదాకా జీతానికి బదులు బీమా కంపెనీ నెలనెలా భృతి ఇవ్వసాగింది.

అంతలో కంపెనీ డాక్టరు వచ్చి, "భుజం ఎలా ఉందండీ?" అన్నాడు. ఇంకేముంది! మనిషి బ్రహ్మాండంగా ఉన్నాడని రాసుకుపోయాడు. భృతి ఆగిపోయింది.

"చొక్కా గుండీలు నేను పెట్టాలి, తల నేను దువ్వాలి. అదేం బ్రహ్మాండమండీ?" అని అత్తయ్య మండిపడింది.

"నువ్వు దువ్వుతుంటే బ్రహ్మాండంగానే ఉందిగా!"

గొడవ విచారణకెక్కింది. మామయ్య తరఫు లాయరమ్మ మా ఇంట్లోనే ఆయనకి తర్ఫీదు మొదలుపెట్టింది.

"ఎలా ఉన్నారు?"

"బ్ర..."

"మామయ్యా!" అని నేను అరిచేవాణ్ణి.

"నొప్పిగా ఉందండీ" అనేవాడు, పాఠం అప్పజెప్పే బడిపిల్లాడిలా.

విచారణ రోజున అధికారి అడిగాడు: "భుజం ఎలా ఉంది?"

మామయ్య నోరు తెరిచి, ఎందుకో వెనక్కి చూశాడు. సాక్ష్యం చెప్పడానికొచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు తలుపు దగ్గర ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"బ్రహ్మాండం!"

లాయరమ్మ తల పట్టుకుంది. కంపెనీ లాయరు ముఖం వెలిగిపోయింది.

"అయితే ఆ చెయ్యి పైకెత్తండి" అన్నాడు అధికారి.

చెయ్యి ఛాతీదాకా వచ్చి ఆగిపోయింది. మామయ్య నుదుట చెమట పట్టింది.

"మరి బ్రహ్మాండమంటారేంటి?"

మామయ్య గొంతు తగ్గించాడు. "ఆ తమ్ముణ్ణి కాస్త బయటికి పంపండి సార్, చెప్తాను."

డ్రైవరు వెళ్లాడు. తలుపు మూసుకోగానే మామయ్య వరసపెట్టి మొదలెట్టాడు. "ప్రాణం తోడేస్తోంది సార్! ఆ పక్కకి తిరిగి పడుకోలేను. ముద్ద కూడా ఎడంచేత్తోనే. గొలుసు తెగిపోతే వాడేం చేస్తాడు? అయినా రోజూ ఇంటికొచ్చి ఎలా ఉందన్నా అని అడుగుతాడు. నొప్పంటే ఇక ఆ బండెక్కడు. పిల్లలు గలవాడు!"

అత్తయ్య ఆయన వంక గుడ్లప్పగించి చూసింది. భుజం నయమయ్యేదాకా భృతి ఇవ్వాల్సిందేనని అధికారి తేల్చేశాడు.

బయట డ్రైవరు ఎదురొచ్చాడు. "నన్నెందుకు పంపించేశావన్నా?"

"లోపల ఒకటే ఉక్కపోతరా. నీకెందుకులే అని!"

ఏసీ చలికి పొద్దుట్నుంచీ శాలువా కప్పుకుని కూర్చున్న లాయరమ్మ, ఆ శాలువా అంచుతోనే నోరు మూసుకుని నవ్వింది.