అత్తగారి గుండెకు వేసిన అతుకు

ఛాతీలో మంట మొదలైన రోజు మా అత్తగారు గ్యాసేనని ఇంత వాము నమిలి, మళ్లీ పొయ్యి దగ్గర నిలబడ్డారు. చిక్కడపల్లిలో మా ఇంటి కింది వాటాలోనే ఆవిడ మెస్. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు భోజనానికి వచ్చేవారు. కొన్నాళ్లకు ఒక ఉదయం మెట్లెక్కుతూ సగంలోనే కూలబడ్డారు. మాట్లాడటానికి ఊపిరి చాలడం లేదు. మా ఆయనా నేనూ ఆటోలో నారాయణగూడ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

ఆ రోజు వచ్చింది గ్యాసు కాదు, గుండెపోటు. అంతకంటే పెద్ద కబురు గుండెకు ఎకో స్కానింగ్ తీశాక తెలిసింది. డాక్టరుగారు కాగితం మీద గుండె బొమ్మ గీసి, మధ్యలో పెన్ను ఆనించారు.

"కింది రెండు గదుల నడుమ గోడకు చిల్లు పడ్డది. అటాక్‌ల చచ్చిపోయిన కండ తెగింది. ఆపరేషన్ చేసి అతుకు వెయ్యాలె."

"అయితే ఇప్పుడే చేసేయండి" అన్నారు మా ఆయన.

"ఇప్పుడు ఆ కండ తడిసిన కాగితం లెక్క ఉంటది. కుట్టు నిలవది. జర గట్టిపడాలె. అందాక తొడ రక్తనాళం నుంచి బెలూన్ పంపి గుండెకు ఆసరా ఇస్తం. బీపీ పడిపోతే మాత్రం ఆగేది లేదు."

ఎదురుచూడటమూ వైద్యమేనంటే నాకు నమ్మకం కుదరలేదు. ఐసీయూ బయట ఫోను మోగితే చాలు, లేచి తలుపు దగ్గరికి పరుగెత్తేదాన్ని. లోపల ఆవిడ మాత్రం, "పిల్లలు ఎక్కడ తింటున్నారే?" అని అడిగేవారు.

"దోమలగూడలో ఏదో మెస్సుకి వెళ్తున్నారట అత్తయ్యా."

"అలవాటు పడిపోతారేమో" అని దిగులుపడ్డారు.

చివరికి కండ కాస్త గట్టిపడ్డాక ఆపరేషన్ జరిగింది. సాయంత్రం డాక్టరుగారు మాస్కు కిందికి లాగుతూ బయటికి వచ్చారు.

"అతుకు మంచిగ కూర్చున్నది. అంచున సన్నగ లీక్ ఉన్నది. దానికి పరేషాన్ కాకుండ్రి, మందులతోని చూసుకుందాం."

మా ఆయన దండం పెట్టబోయి, చేతులు సగంలోనే వదిలేసి గోడకు ఆనుకుని ఏడ్చారు. నాకు మాత్రం ఒక్కసారిగా ఆకలేసింది. కిందికెళ్లి ఇద్దరం ఇడ్లీలు తిన్నాం.

ఇంటికొచ్చిన వారానికి ఆవిడ అద్దం ముందు నిలబడి, ఛాతీ మీది పొడవాటి గీతను వేలితో తడిమి చూసుకున్నారు.

"ఏమే, టైలరుకి చెప్పు. ఇకమీదట జాకెట్ల మెడ కాస్త పైకి కుట్టమను" అన్నారు.

టేపు తెచ్చి కొలతలు తీసుకున్నాను.