రెండో శనివారపు గళ్ళట్లు

బాలికల వసతిగృహానికి వార్డెనుగా ఉన్న రోజుల్లో నేను పదకొండు నిబంధనలు రాసి గోడకు తగిలించాను. నాలుగోది ఇది: రెండో శనివారం నాడు తల్లిదండ్రులుగానీ, వారు రాతపూర్వకంగా పేర్కొన్న లోకల్ గార్డియన్‌గానీ సంతకం చేస్తేనే పిల్లను గేటు దాటనివ్వాలి. డెబ్బైల తొలి సంవత్సరాలవి. విజయవాడలో బందరు కాలువకు దగ్గరగా ఉన్న ఆ క్రైస్తవ పాఠశాలలో నేను లెక్కల టీచరును కూడా. మినహాయింపు ఉంటే అది నిబంధన కాదని అప్పుడు నమ్మేదాన్ని. ఇప్పుడూ నమ్ముతాను, ఒక్క సందర్భంలో తప్ప.

ఆ నాలుగో నిబంధన వల్ల నెలనెలా ఏడుగురు పిల్లలు వసతిగృహంలోనే మిగిలిపోయేవారు. దివిసీమ నుంచి, కొల్లేటి పక్క ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు. ఒక పనిరోజు వదులుకుని, రెండు బస్సులు మారి రావడం వారి తల్లిదండ్రుల వల్ల అయ్యేది కాదు. ఎవరూ రారని తెలిసి కూడా పొద్దున్నే తల దువ్వుకుని, మెట్లమీద కూర్చుని గేటు వైపు చూసేవారు. జాలిపడటం నాకు చేతకాదు. ఖాళీ సమయానికి పని కల్పించడం చేతనవును. అందుచేత ఆ శనివారాల్లో ఉదయం ఎనిమిది గంటలకు గళ్ళట్లు మొదలుపెట్టాను.

నాకు ముందు వార్డెనుగా ఉన్న విదేశీ టీచరమ్మ స్వదేశం వెళ్ళిపోతూ నాకు రెండు వస్తువులు ఇచ్చింది. ఒకటి, పుస్తకంలా తెరుచుకునే పోత ఇనుప అచ్చు. లోపల రెండువైపులా చదరపు గళ్ళు. రెండోది, వెడల్పాటి మూతి ఉన్న గాజుసీసాలో సగానికి పులిసిన మైదాపిండి. పెరుగుకు తోడు ఎటువంటిదో రొట్టెకు ఇది అటువంటిది. రోజూ కొంత తీసేసి, అంతే పిండీ నీళ్ళూ కలిపితే ఏళ్ళతరబడి బతుకుతుంది. వాడినప్పుడల్లా కొంత మిగల్చాలి. ఊడ్చేస్తే వంశం అంతరిస్తుంది. మేము దాన్ని తోడుపిండి అనేవాళ్ళం. మంగళగిరి నేత తువ్వాలు ముక్క మూతికి కట్టి, ఎండాకాలంలో నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి కాపాడాను.

శుక్రవారం సాయంత్రం రెండు గరిటెల తోడుపిండిని మైదాలోనూ పాలలోనూ కలిపి మూతపెడితే, తెల్లవారేసరికి గిన్నె అంచుదాకా పొంగేది. అందులో గుడ్లు, కరిగించిన వెన్న, ఉప్పు, చివర చిటికెడు వంటసోడా. బొగ్గుల కుంపటి మీద అచ్చును రెండువైపులా కాల్చి, వెన్న రాసి, పిండి పోసి మూసి, వందదాకా లెక్కపెట్టి తిప్పాలి. లెక్కపెట్టే పని పిల్లలది. మొదటి అట్టు ఎప్పుడూ అచ్చుకు అతుక్కుని ముక్కలయ్యేది. తరువాతివి గళ్ళుగళ్ళుగా, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా వచ్చేవి. ఉయ్యూరు వైపు నుంచి తెప్పించిన చెరకుపానకాన్ని ఒక్కో గడిలో సమంగా నింపుకుని తినేవారు. టీచరమ్మ వాటిని వాఫిల్స్ అనేది. పిల్లలు గళ్ళట్లన్నారు, ఆ పేరే నిలిచింది. మిగిలిన పిండిని పెనం మీద మందంగా పోస్తే పాన్‌కేకులు. పైన బుడగలు చిట్లి గుంటలు పడగానే తిరగెయ్యాలి. వాటిని చూసి అవనిగడ్డ దగ్గరి పిల్ల ఒకతె, “ఇది మా దిబ్బరొట్టెకి చెల్లెలండీ టీచర్, కాకపోతే కాన్వెంటులో చదివింది,” అన్నది. నేను నవ్వలేదు. నవ్వితే తిరగేసే అదను తప్పుతుందని.

ఒకసారి అచ్చు రెండు రేకులనూ కలిపే మడతబందు విరిగితే ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ చేత అతికించాను. రెండేళ్ళపాటు ఒక్క రెండో శనివారమూ తప్పలేదు.

మూడో ఏట సెప్టెంబరులో నన్ను ఆరు రోజుల శిక్షణకు బందరు పంపారు. ఆ సీసాను నేను తప్ప మరెవరూ ముట్టుకోరాదని ఆజ్ఞ వేసింది నేనే కనుక, ఆ ఆరు రోజులూ దానికి పిండి వేసినవారు లేరు. ఆకలిగొన్న తోడుపిండి అడుక్కు దిగి, పైన పల్చటి నీరు తేరుతుంది. ఆ నీటికి ఘాటైన పులుపు వాసన. ఉక్కపోతకు అది వంటగదంతా వ్యాపించింది. వంటామె తువ్వాలు విప్పి వాసన చూసి, వార్డెనమ్మ సీసాలో కల్లు దాచిందని నిర్ధారించుకుంది. డెల్టాలో పుట్టి పెరిగినవారి ముక్కుకు ఆ వాసన మరో విధంగా తోచదు. నేను బందరు నుంచి తిరిగివచ్చేసరికి సీసా కరస్పాండెంట్ గారి బల్లమీద ఉంది.

కరస్పాండెంట్ అంటే యాజమాన్యం తరఫున పాఠశాల వ్యవహారాలు చూసే పెద్దమనిషి. మెత్తని స్వభావం. ఆయన పక్కన కమిటీ సభ్యుడైన సంఘపెద్ద ఒకరు కూర్చున్నారు. పులిసిన పిండిని పాపంతో పోల్చే ప్రసంగాలు ఆదివారం నాడు మేము వింటూనే ఉంటాం. పాపమే స్వయంగా సీసాలో దొరికినంత గంభీరంగా ఉన్నారాయన.

అది మైదా, నీళ్ళు తప్ప మరేమీ కాదని చెప్పాను. సంఘపెద్ద సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా తల ఊపారు.

“పిండీ నీళ్ళూ ఏంటండీ టీచరుగారూ. ఇది కల్లే. ఇవాళ్టిది కాదు, నిన్నటిదీ కాదు. మూణ్ణాళ్ళ నాటిది. తాడి కూడా కాదు, ఈత.”

“తాడో ఈతో కూడా తెలిసిపోయిందాండీ మీకు?” అన్నాను.

కరస్పాండెంట్ గారు చాలాసేపు దగ్గారు. సంఘపెద్ద మరి వాసన జోలికి వెళ్ళలేదు.

అయినా కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. వసతిగృహంలో మత్తు పదార్థం నిల్వ ఉంచినందుకు చింతిస్తున్నానని, ఇకమీదట ఉంచనని. సంతకం చేస్తే వార్డెను పదవి నాదే. చేయకపోతే టీచరుగా మాత్రమే ఉండి, వారంలోగా వార్డెను గది ఖాళీ చేయాలి. కరస్పాండెంట్ గారు కలం నా వైపు జరిపి, “సంతకం పెట్టెయ్యండమ్మా, పోయేదేముంది? ఓ కాగితమే కదా,” అన్నారు.

“కాగితమే కదాని పిల్లల మార్కులు మార్చనండీ. ఇదీ అంతే. జరగని పని జరిగిందని రాసి సంతకం పెట్టను.”

వారం గడువిస్తే వారి కళ్ళముందే కొత్త తోడుపిండి పుట్టించి చూపగలిగేదాన్ని. అడగలేదు. చేయని నేరానికి నిరపరాధినని పరీక్ష రాయడం నాకు సమ్మతం కాలేదు. అది మొండితనమని తరువాత చాలామంది అన్నారు. అవును, మొండితనమే. దానికి నేను ఏనాడూ చింతించలేదు.

బల్లమీది సీసా వెనక్కి తీసుకుని, అచ్చు, పెట్టెతో సత్యనారాయణపురంలో ఒక గదికి మారాను. పదవి పోవడం నన్ను బాధించలేదు. మెట్లమీది ఏడుగురు పిల్లలు మాత్రం నా లెక్కలో నుంచి పోలేదు. వారు గేటు దాటలేరు. దాటకుండా చేసిన నిబంధన నాది. కాబట్టి ఆ నిబంధననే మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. వారు రాతపూర్వకంగా పేర్కొన్న లోకల్ గార్డియన్. ఎవరిని పేర్కొనకూడదో అందులో లేదు.

ఏడు కార్డులు కొని, ఏడు ఇళ్ళకూ ఒకే విషయం రాశాను. నాపై వచ్చిన ఆరోపణ ఇది, అది అబద్ధం, రెండో శనివారం మీ అమ్మాయి నా దగ్గరికి రావడం మీకు ఇష్టమైతే నన్ను గార్డియన్‌గా పేర్కొంటూ పాఠశాలకు రాయండి. బతిమాలే మాట ఒక్కటీ రాయలేదు. కానీ పోస్టు వేసిన తరువాత వారం రోజులూ నాకు అన్నం సహించలేదు. సంఘపెద్ద మాట కంటే ఆ ఏడు ఇళ్ళ మాటే నాకు తీర్పు. కల్లు సీసా ఆవిడ అని వారు నమ్మితే చేయగలిగిందేమీ లేదు.

మొదట వచ్చింది అవనిగడ్డ పిల్ల తండ్రి. కార్డు చేత్తో పట్టుకుని, మోకాళ్ళదాకా ఎగగట్టిన పంచెతో, గుమ్మంలోనే నిలబడి సీసా చూడాలన్నాడు. ఇచ్చాను. ఎవరైనా వచ్చి చూడవచ్చని, కార్డులు వేసినప్పటి నుంచి కావాలనే దానికి పిండి వేయలేదు. ఘాటు అలాగే ఉంది. వాసన చూశాడు. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

“కల్లు నాకు తెలవదా అండీ, నేను తాగేవోణ్ణే. ఇది కల్లు కాదు. మాయావిడ దోసెల పిండి మూడోరోజుకి ఇట్టాగే ఉంటది,” అన్నాడు. తరువాత, “ఇంతోటి దానికి అంతమంది పెద్దోళ్ళు కూకున్నారా అండీ?” అని అడిగాడు. అక్కడి నుంచి నేరుగా కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్ళి, కూతురి గార్డియన్ గడిలో నా పేరు రాయించి, వేలిముద్ర వేసి ఊరికి వెళ్ళాడు.

తరువాత పాఠశాలకు మరో ఐదు ఇళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి. సంఘపెద్ద అభ్యంతరం చెప్పారట. కరస్పాండెంట్ గారు గోడమీది నాలుగో నిబంధన చూపించి, నియమం స్పష్టంగా ఉందండీ అన్నారట. కైకలూరు దగ్గరి ఏడో పిల్ల ఇంటి నుంచి మాత్రం ఏమీ రాలేదు. నమ్మలేదో, కార్డు చదివిపెట్టేవారు లేకపోయారో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ రెండో శనివారం నేను స్వయంగా వెళ్ళి, రిజిస్టరులో ఆరు చోట్ల సంతకం చేసి, ఆరుగురినీ వరసలో నడిపించుకుని గదికి తీసుకువచ్చాను. చేతులు కడుక్కురమ్మన్నాను. గోళ్ళు చూశాను. కుంపటి అంటించి, అచ్చు కాల్చి, పిండి పోశాను. వారు లెక్కపెట్టారు.

మొదటిది ఎప్పటిలాగే అతుక్కుంది. రెండోది అంచు విరగకుండా ఊడివచ్చింది. దాన్ని ఎవరి కంచంలోనూ వేయక, ఉతికిన మంగళగిరి గుడ్డలో చుట్టి, చిన్న సీసాలో పానకంతో సహా అవనిగడ్డ పిల్ల సంచిలో పెట్టాను, మెట్లమీద మిగిలిపోయిన ఆ ఏడో పిల్లకు ఇవ్వమని. బయటి తినుబండారాలు వసతిగృహంలోకి తేరాదన్నది నేను రాసిన తొమ్మిదో నిబంధన. పిల్ల ఆ సంగతి గుర్తుచేసింది.

పట్టుబడితే నా పేరు చెప్పమన్నాను. ఆ నేరం ఒప్పుకుంటూ కాగితం ఎన్నిసార్లు తెచ్చినా సంతకం పెడతాను. అది నిజంగా నేను చేసిందే.