తర్కతీర్థుల వారి తప్పుడు హేతువు

మా గురువుగారు హరకాంత తర్కతీర్థుల వారికి ఒక్కటే జబ్బు. ఎవరు "కాబట్టి" అన్నా ఊరుకునేవారు కాదు. వంగదేశంలో తర్కశాస్త్రానికి పేరుపడ్డ మా నవద్వీపంలో ఆయన ఎదుట ఆ మాట అనడానికి జనం జంకేవారు.

"మబ్బు పట్టింది కాబట్టి వానొస్తుంది, గొడుగు తీసుకెళ్ళండి" అనేది గురుపత్ని. "మబ్బు పట్టిన ప్రతిసారీ వానొచ్చిందా? నీ హేతువు దారి తప్పింది" అని గొడుగు వదిలేసి వెళ్ళి, తడిసి ముద్దై వచ్చేవారు. "ఇప్పుడేమంటారు?" అంటే, "వాన నిజమే. హేతువు మాత్రం అబద్ధం" అని తుమ్మేవారు.

"గంగలో పట్టింది కాబట్టి తాజా చేపేనండీ" అన్నాడొక జాలరి. "గంగలో శవాలూ దొరుకుతాయి, అవీ తాజావేనా?" అన్నారు. మా వంగదేశంలో పండితులూ చేప తింటారు గాని, ఆ పూట మాకు వట్టి పప్పే.

ఒక ఏకాదశి నాడు పక్కింటి నీరద మీద ఊరి పెద్దలు పంచాయితీ పెట్టారు. పదిహేడేళ్ళకే భర్త పోయిన పిల్ల. వితంతువులు ఆ రోజు పచ్చి గంగ కూడా ముట్టకూడదు.

"దీని వంటింట్లో పొగ చూశాను. కాబట్టి వండుకు తింది. వెలివెయ్యండి" అన్నాడు ఆ పెద్దల్లో ఒకడైన అఘోర్ చక్రవర్తి. వెలేస్తే ఆ పిల్లకు గుక్కెడు నీళ్ళిచ్చే గడప ఉండదు.

గురువుగారు లేచారు. "పొగుంటే నిప్పుంది, ఒప్పుకున్నా. నిప్పుంటే అన్నం ఉడికినట్టేనా? శ్మశానంలోనూ నిప్పుంది. అక్కడేం వండుతున్నారు?"

జనం నవ్వారు. చక్రవర్తి వదల్లేదు. "అయితే వండలేదని మీరే నిరూపించండి."

నీరద తల వంచుకుని నిలబడింది. ఆమె చీర చెంగుకు ఒక మెతుకు అంటుకుని ఉంది. నేను చూశాను. గురువుగారూ చూశారు.

"ఆమె వండలేదు" అన్నారాయన గంభీరంగా. "ఎందుకంటే ఇవాళ ఏకాదశి. ఏకాదశి నాడు వితంతువు వండదు."

రుజువు చేయాల్సిన దాన్నే రుజువుగా చూపడం! మొదటి ఏడే దీనికి మేం చీవాట్లు తిన్నాం. కానీ తర్కతీర్థుల వారంతటివారే అన్నాక ఇంకేముందని అందరూ లేచిపోయారు. ఆయన మీద నాకంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

దారిలో ఉండబట్టలేకపోయాను. "గురువుగారూ, మీ హేతువు..."

"ఊఁ. ఏ దోషం?"

"సాధ్యసమం."

"మరి అక్కడే ఎందుకు అనలేదు?"

"ఆ పిల్లకి ఆకలేసిందండీ."

ఆయన ఆగి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇక నీకు నేను నేర్పేదేం లేదు. చదువు పూర్తయిందని ఇంటికి ఉత్తరం రాసుకో."